పొక్లెయిన్ మానిటర్‌పై కమ్యూనికేషన్ ఎర్రర్ వస్తోందా? కంట్రోలర్ కొనే ముందు ఈ పరీక్షలు చేయండి

వైజాగ్ ఆటోనగర్‌లో గానీ, అచ్యుతాపురం, పరవాడ సైట్లలో గానీ, అనకాపల్లి వైపు క్వారీల్లో గానీ నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒక్కటే. "మానిటర్ మీద కమ్యూనికేషన్ ఎర్రర్ వస్తోంది, కంట్రోలర్ పోయిందంటున్నారు, మార్చేయమంటారా?"

ఇప్పుడే మార్చకండి. ముందు మల్టీమీటర్ తీయండి. నేను చూసిన వాటిలో ఎక్కువ బండ్లలో తప్పు కంట్రోలర్‌లో (ఇంజిన్‌నూ పంపునూ నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టెలో) లేదు. తీగలోనో, తీగలను కలిపే కప్లర్‌లోనో, ఫ్యూజ్‌లోనో, ఎర్త్‌లోనో ఉంది. అసలు తప్పు అక్కడే ఉండగా కొత్త కంట్రోలర్ పెడితే డబ్బు పోతుంది, బండి కూడా నడవదు. తప్పు షార్ట్ సర్క్యూట్ అయితే కొత్తది కూడా కాలిపోవచ్చు. రోజు కిరాయి మీద బతికే ఓనర్‌కు అది చిన్న దెబ్బ కాదు. అందుకే ఈ పద్ధతి మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ఇది చైన్ మీద నడిచే పెద్ద పొక్లెయిన్లకు రాసింది. పరీక్షలు మాత్రం లోడర్లకు, డంపర్లకు కూడా పనికొస్తాయి.

ముందుగా తెలియాల్సింది ఇంతే

ఇంజిన్ ఈసీఎం (ఇంజిన్ కంట్రోలర్), పంపు కంట్రోలర్, మానిటర్, జీపీఎస్ యూనిట్ అన్నీ రెండు తీగల మీద మాట్లాడుకుంటాయి. దీన్నే క్యాన్ లైను అంటారు. ఒకటి క్యాన్ హై, రెండోది క్యాన్ లో. రెండూ ఒకదానికొకటి మెలిపెట్టి ఉంటాయి. ఈ లైనుకు రెండు చివర్లా ఒక్కో 120 ఓమ్స్ రెసిస్టర్ ఉంటుంది. ఎక్కువ బండ్లలో ఇది జే1939 అనే పద్ధతిలో నడుస్తుంది. చాలా చోట్ల హై పసుపు రంగులో, లో ఆకుపచ్చ రంగులో ఉంటాయి. అయినా రంగును నమ్మకండి, మీ బండి వైరింగ్ డయాగ్రమ్‌నే నమ్మండి. కొన్ని మోడళ్లలో ఇంజిన్‌కు ఒక క్యాన్ లైను, మెషీన్‌కు ఇంకొకటి ఉంటాయి. అలాంటప్పుడు దేనికది విడిగా పరీక్షించాలి.

ఇది కమ్యూనికేషన్ సమస్యేనా?

మానిటర్ వెలుగుతుంది గానీ ఆర్పీఎం, టెంపరేచర్ దగ్గర గీతలు వస్తాయి. థ్రాటిల్ డయల్ తిప్పినా ఇంజిన్ స్పీడు మారదు. బండి పని చేస్తుంది గానీ బరువు ఎత్తేటప్పుడు నీరసిస్తుంది. కొన్ని మోడళ్లలో సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. ఇంకో పెద్ద గుర్తు ఏమిటంటే, ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు కోడ్లు ఒకేసారి వస్తాయి. ఒక్క సెన్సార్ కోడ్ మాత్రమే వస్తే అది వేరే సమస్య, ఆ సెన్సార్ సంగతి చూసుకోండి.

కావాల్సినవి

- డిజిటల్ మల్టీమీటర్. ఓమ్స్‌లో 0.1 వరకు చూపాలి, మిన్ మ్యాక్స్ బటన్ (అన్నిటికంటే తక్కువ, ఎక్కువ అంకెలను పట్టి ఉంచేది) ఉంటే మేలు.
- మీ బండి సీరియల్ నంబరుకు సరిపోయే వైరింగ్ డయాగ్రమ్. మోడల్ పేరు ఒకటే అయినా సీరియల్ మారితే వైరింగ్ మారొచ్చు.
- కప్లర్ వెనక నుంచి పెట్టే సన్నని బ్యాక్ ప్రోబ్ పిన్నులు
- కప్లర్‌కు సరిపోయే విడి పిన్నులు, క్రింపింగ్ టూల్ (పిన్నును తీగకు నొక్కి బిగించేది), లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ గొట్టాలు
- ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే. పెట్రోలు, డీజిలు, తుప్పు వదిలించే నూనె స్ప్రేలు దీనికి బదులు కావు.
- 24 వోల్టుల 21 వాట్ల బల్బు, రెండు తీగలతో
- నోట్‌బుక్, ఫోన్ కెమెరా

ల్యాప్‌టాప్, కంపెనీ సాఫ్ట్‌వేర్, అడాప్టర్ ఉంటే పని త్వరగా అవుతుంది. లేకపోయినా ఈ పరీక్షల్లో ముప్పాతిక భాగం మీటరుతోనే చేయొచ్చు. ఆసిల్లోస్కోప్ వాడటం వచ్చినవాళ్లు 4, 5 అంచెల్లో అది వాడితే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

జాగ్రత్తలు

బండిని చదునైన నేల మీద నిలిపి, బకెట్ నేలకు ఆనించి, లాక్ లివర్ (బండి కదలికలను ఆపేది) వేయండి. కీ ఆపిన వెంటనే బ్యాటరీ కటాఫ్ స్విచ్ తిప్పకండి. కంట్రోలర్లు డేటా దాచుకోవడానికి కొంత సమయం తీసుకుంటాయి, డెఫ్ (పొగను శుభ్రం చేసే యూరియా ద్రవం) ఉన్న బండ్లలో ఆ పంపు కూడా కాసేపు తిరుగుతుంది. కనీసం 5 నిమిషాలు ఆగండి. ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ వైరింగ్ ముట్టుకోకండి, అక్కడ వోల్టేజ్ 24 కంటే చాలా ఎక్కువ ఉంటుంది. బండి వారంటీలో ఉంటే హార్నెస్ (తీగల కట్ట) కోయకండి. కొలతలు తీసుకుని కంపెనీ వాళ్లకు చెప్పండి.

1. కోడ్లు రాసుకోండి, చెరపకండి

చాలామంది అలవాటుగా ముందు కోడ్లన్నీ క్లియర్ చేసేస్తారు. దాంతో ఆధారం పోతుంది. మానిటర్ స్క్రీన్ ప్రతి పేజీని ఫోటో తీయండి. ఎస్‌పీఎన్ నంబరు (తప్పు దేనిలోనో చెప్పేది), ఎఫ్‌ఎంఐ నంబరు (తప్పు ఎలాంటిదో చెప్పేది), ఎన్నిసార్లు వచ్చింది, ఇప్పుడు ఉన్నదా పాతదా అన్నీ రాసుకోండి. ఎస్‌పీఎన్ 639 అంటే జే1939 లైను గురించి. ఎఫ్‌ఎంఐ 9 అంటే రావాల్సిన సమాచారం సమయానికి రావట్లేదు. ఎఫ్‌ఎంఐ 19 అంటే వచ్చింది గానీ తప్పుగా వచ్చింది. సొంత కోడ్లు వాడే కంపెనీలూ ఉన్నాయి, వాటికి ఆ మాన్యువల్ చూడాలి.

ఇప్పుడు అసలు విషయం. ఏ కంట్రోలర్ ఎవరి మీద ఫిర్యాదు చేస్తోందో చూడండి. ఇది సరిగ్గా చూస్తే సగం పని అయిపోయినట్టే.

అందరూ ఒక్కరి గురించే చెబుతున్నారా? ఉదాహరణకు మానిటరూ, పంపు కంట్రోలరూ రెండూ "ఇంజిన్ ఈసీఎం నుంచి సమాచారం లేదు" అంటుంటే, లైను బాగానే ఉన్నట్టు. ఇంజిన్ ఈసీఎంకు కరెంటు అందట్లేదు, ఎర్త్ లేదు, లేదా లైను నుంచి దాని దగ్గరికి వెళ్లే చిన్న తీగ తెగింది. ఒక్కరే అందరి గురించి చెబుతుంటే, ఆ చెబుతున్న కంట్రోలర్ దగ్గరే వెతకండి. ఎవరికి ఎవరూ అందకపోతే ప్రధాన లైనులో షార్ట్ గానీ తెగుదల గానీ ఉంది, లేదా ఏదో ఒక యూనిట్ లైను మొత్తాన్ని పట్టి లాగేస్తోంది.

మూగబోయిన కంట్రోలర్ తన గురించి తాను కోడ్ పంపలేదని గుర్తుంచుకోండి. కోడ్ చూపిస్తున్నదే చెడిపోయిందనుకుని దాన్ని మార్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

2. బ్యాటరీ, ఫ్యూజ్, ఎర్త్

"కరెంటు ఉంది, చూశాం" అని ప్రతి ఒక్కరూ చెబుతారు. ఎలా చూశారన్నదే ముఖ్యం.

బండి ఆగి ఉన్నప్పుడు నిండా చార్జ్ అయిన రెండు బ్యాటరీలు కలిపి 25 వోల్టుల పైన చూపాలి. ఇంజిన్ నడుస్తుంటే 27.5 నుంచి 28.5 మధ్య. సెల్ఫ్ కొట్టేటప్పుడు 19 కంటే బాగా కిందికి పడిపోతే, ఆ క్షణంలో కంట్రోలర్లు ఆగి మళ్లీ మొదలవుతాయి, కమ్యూనికేషన్ కోడ్లు వస్తాయి. ఇంజిన్ స్టార్ట్ అయ్యే సమయంలో మాత్రమే కోడ్ పడుతుంటే ముందు బ్యాటరీలనూ వాటి టెర్మినళ్లనూ చూడండి.

ఫ్యూజ్‌ను కంటితో చూసి వదిలేయకండి. కీ ఆన్ చేసి, ఫ్యూజ్ పైనున్న రెండు చిన్న లోహపు చుక్కల మీదా ఒకదాని తర్వాత ఒకటి మీటరు పెట్టి ఎర్త్‌తో కొలవండి. రెండు వైపులా ఒకటే వోల్టేజ్ రావాలి. సముద్రం పక్కన తిరిగే బండ్లలో ఫ్యూజ్ బాగానే ఉండి, అది కూర్చునే క్లిప్పు తుప్పు పట్టి ఉంటుంది.

తర్వాత బల్బు పరీక్ష. కీ ఆపి, కటాఫ్ తిప్పి, అనుమానం ఉన్న కంట్రోలర్ కప్లర్ ఊడదీయండి. డయాగ్రమ్‌లో దాని పవర్ పిన్, ఎర్త్ పిన్ ఏవో చూడండి. సరిపోయే విడి పిన్నులు తీగకు క్రింప్ చేసి, హార్నెస్ వైపు కప్లర్‌లో ఆ రెండింటి మధ్య 21 వాట్ల బల్బు పెట్టండి. కరెంటు ఇచ్చి, కీ ఆన్ చేయండి. బల్బు నిండుగా వెలగాలి. వెలుగుతుండగానే బ్యాటరీ మైనస్‌కూ ఆ ఎర్త్ పిన్నుకూ మధ్య వోల్టేజ్ కొలవండి. 0.2 వోల్టుల లోపు ఉండాలి. ఎక్కువ వస్తే ఎర్త్ దారిలో అడ్డం ఉంది. ఎర్త్ బోల్టు విప్పి, పెయింటు, తుప్పు గీకి, శుభ్రమైన లోహం మీద బిగించండి.

బల్బు ఎందుకంటే, తీగలో ఒక్క పోగు మిగిలినా మీటరు 24 వోల్టులు చూపిస్తుంది. కంట్రోలర్‌కు నిజంగా కరెంటు కావాల్సి వచ్చినప్పుడు ఆ ఒక్క పోగు చాలదు.

హెచ్చరిక: ఈ బల్బును గానీ మామూలు టెస్ట్ ల్యాంపును గానీ క్యాన్ తీగలకు ఎప్పుడూ పెట్టకండి.

3. 60 ఓమ్స్ పరీక్ష

కీ ఆపి, 5 నిమిషాలు ఆగి, బ్యాటరీ కటాఫ్ తిప్పండి. లైనులో కరెంటు ఉంటే ఓమ్స్ కొలత అబద్ధం చెబుతుంది. ముందు మీటరు తీగలు రెండూ ఒకదానికొకటి ఆనించి చూడండి. 0.3 లాంటిది వస్తే ఆ మేరకు తర్వాత తీసేయండి.

కేబిన్‌లో గుండ్రంగా ఉండే 9 పిన్నుల డయాగ్నస్టిక్ కప్లర్ వెతకండి. జే1939 పద్ధతిలో ఏ పిన్ ఎర్త్, బీ బ్యాటరీ ప్లస్, సీ క్యాన్ హై, డీ క్యాన్ లో. ఇదే ఆకారం కప్లర్‌లో పిన్నులు వేరే వరుసలో పెట్టే కంపెనీలూ ఉన్నాయి, కాబట్టి డయాగ్రమ్ చూసే ముట్టుకోండి. సీ, డీ మధ్య ఓమ్స్ కొలవండి.

60 దగ్గర వస్తే, అంటే 57 నుంచి 63 వరకు, రెండు చివరి రెసిస్టర్లూ ఉన్నాయి, ప్రధాన లైను తెగలేదు.

120 వస్తే ఒక చివర అందట్లేదు. రెసిస్టర్ ఊడిపోయి ఉండాలి, లేదా మధ్యలో తీగ తెగి ఉండాలి. కొన్ని బండ్లలో చివరి రెసిస్టర్ విడి ముక్కగా ఉండదు, ఇంజిన్ ఈసీఎం లోపలో మానిటర్ లోపలో ఉంటుంది. ఆ యూనిట్ కప్లర్ సరిగ్గా కూర్చోకపోయినా 120 వస్తుంది.

40 వస్తే మూడో రెసిస్టర్ చేరింది. తర్వాత బిగించిన జీపీఎస్, తూకం మెషీన్ లాంటివి, లేదా వేరే పార్ట్ నంబరు కంట్రోలర్ అనుమానించండి.

సున్నాకు దగ్గరగా వస్తే హై, లో ఒకదానికొకటి తగులుతున్నాయి. ఏమీ చూపకపోతే డయాగ్నస్టిక్ కప్లర్‌కు వచ్చే తీగలే తెగి ఉండొచ్చు. వేరే కప్లర్ దగ్గర కూడా కొలిచి చూడండి.

తర్వాత సీ నుంచి ఎర్త్‌కు, డీ నుంచి ఎర్త్‌కు విడివిడిగా కొలవండి. రెండూ వేల ఓమ్స్‌లో ఉండాలి. వందల్లోకి దిగితే ఎక్కడో చర్మం ఒలిచిన తీగ బాడీకి తగులుతోంది, లేదా కప్లర్‌లో తడి ఉంది.

ఇక్కడ జరిగే ఒక తప్పును గట్టిగా చెప్పాలి. మీటరు 120 చూపిస్తోందని కొందరు ఇంకో 120 ఓమ్స్ రెసిస్టర్ తెచ్చి డయాగ్నస్టిక్ కప్లర్ దగ్గర తగిలిస్తారు. మీటరు వెంటనే 60 చూపిస్తుంది. తెగిన తీగ మాత్రం తెగే ఉంటుంది. అవతలి వైపున్న కంట్రోలర్ ఇప్పటికీ ఎవరికీ అందదు. రెసిస్టర్ దాని సొంత చోట నిజంగా లేదని తేల్చుకున్నాకే కొత్తది పెట్టండి, అదీ ఆ చోటే పెట్టండి.

ఇంకొకటి. 60 వచ్చినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. ఒక కంట్రోలర్‌కు వెళ్లే చిన్న తీగ తెగినా 60 అలాగే ఉంటుంది. అందుకే తర్వాతి అంచె వదలకండి.

4. కీ ఆన్ చేసి వోల్టేజ్ కొలవండి

కటాఫ్ మళ్లీ కలిపి, కీ ఆన్ చేయండి, ఇంజిన్ వద్దు. మీటరు డీసీ వోల్టుల్లో పెట్టి, ఎర్త్ నుంచి హైకి, ఎర్త్ నుంచి లోకి కొలవండి.

బాగున్న లైనులో హై 2.5 కంటే కొంచెం ఎక్కువ, సాధారణంగా 2.6 నుంచి 2.8. లో 2.5 కంటే కొంచెం తక్కువ, 2.2 నుంచి 2.4. రెండూ కలిపితే దాదాపు 5. అంకెలు కొద్దిగా కదులుతుంటాయి. నిజానికి సంకేతం వెళ్లే క్షణంలో హై 3.5కు, లో 1.5కు వెళ్తాయి. మీటరు ఆ వేగాన్ని అందుకోలేక సగటు చూపిస్తుంది.

రెండూ సరిగ్గా 2.5 దగ్గర కదలకుండా నిలబడితే ఎవరూ మాట్లాడట్లేదు. రెండింటిలోనూ ఒకటే అంకె వస్తే హై, లో కలిసిపోయాయేమో చూడండి. ఏదైనా సున్నాకు పడిపోతే ఎర్త్‌కు షార్ట్. 5 దాటి పైకి పోతే బ్యాటరీ తీగతో కలిసింది, వెంటనే కీ ఆపండి.

5. ఒక్కొక్కటిగా ఊడదీయండి

లైను మొత్తం పడిపోయినప్పుడు ఇదే దారి. మొదట ఊడదీయాల్సింది బండితో పాటు రానివి: జీపీఎస్ ట్రాకర్, డీజిల్ సెన్సార్ బాక్స్, తూకం యూనిట్. ఇవి బిగించేవాళ్లు కొందరు క్యాన్ తీగ చర్మం గీకి, చుట్టి, టేపు వేసి వెళ్లిపోతారు. ఆరు నెలలు నడుస్తుంది, వానాకాలంలో మొండికేస్తుంది. వీటిని తీసేయగానే సమస్య పోతే అతుకు దగ్గర విప్పి చూడండి, యూనిట్ తప్పు కాకపోవచ్చు.

తర్వాత అసలు కంట్రోలర్లు. ప్రతిసారీ కీ ఆపి, ఒకటి ఊడదీసి, మళ్లీ 3, 4 అంచెల కొలతలు తీసుకోండి. దేన్ని ఊడదీస్తే కొలత సరైపోయిందో అక్కడ ఆగండి. రెసిస్టర్ లోపలే ఉన్న కంట్రోలర్‌ను ఊడదీస్తే 60 కాస్తా 120 అవుతుంది, అది తప్పు కాదు. ఊడదీసిన వాటికి కొత్త కోడ్లు పడతాయి, వాటిని లెక్క చేయకండి. ముందే ఫోటోలు తీసుకోమన్నది అందుకే.

ఏది ఊడదీసినా మారకపోతే తప్పు హార్నెస్‌లోనే. మధ్యలో ఉన్న పెద్ద కప్లర్ దగ్గర హార్నెస్‌ను రెండుగా విడదీయండి. చెడ్డ సగం ఏదో తెలుస్తుంది. ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. మొత్తం టేపు విప్పుకుంటూ పోవడం కంటే ఇది చాలా త్వరగా అవుతుంది.

6. కప్లర్లను దగ్గరగా చూడండి

వైజాగ్ చుట్టుపక్కల నేను అందరికంటే ఎక్కువ సమయం పెట్టమనేది ఇక్కడే. ఉప్పు గాలి, పోర్టు వైపు బొగ్గు ధూళి, ఇనుప ఖనిజం ధూళి, క్వారీల్లో రాతి పొడి. ఉప్పు తడిసిన ధూళి పిన్నుల మధ్య చేరితే కరెంటు పారడానికి దొంగదారి పడుతుంది.

అనకాపల్లి వైపు ఒక క్వారీలో ఆపరేటర్ చెప్పిన మాట: "పొద్దున్న మానిటర్ రాదు సార్, ఎండెక్కాక దానికదే వచ్చేస్తాది." మధ్యాహ్నం కొలిస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మర్నాడు తెల్లవారుజామున, బండి ఇంకా చల్లగా ఉండగా కొలిస్తే క్యాన్ హై నుంచి ఎర్త్‌కు కొన్ని వందల ఓమ్స్ మాత్రమే ఉంది. సీటు వెనక కప్లర్ విప్పాం. రబ్బరు సీలు ఒక అంచున మడత పడి ఉంది. వాడని రంధ్రానికి ఉండాల్సిన ప్లాస్టిక్ బిరడా లేదు. లోపల ఒక పిన్ మొదట్లో పచ్చగా చిలుము, పక్క పిన్ను దాకా పాకి ఉంది. ముందు రోజు సాయంత్రం ప్రెషర్ వాషర్‌తో కేబిన్ వెనక భాగం కడిగారు. తప్పు ఉన్న సమయంలో కొలవకపోతే అది దొరికేది కాదు.

కప్లర్ విప్పాక చూడాల్సినవి: చిలుము, తడి, వంగిన పిన్, వెనక్కి జరిగిన పిన్. వెనక్కి జరిగిందో లేదో తెలియాలంటే తీగను ఒక్కొక్కటిగా మెల్లగా లాగి చూడండి, సరిగ్గా లాక్ అయినది రాదు. ఆడ పిన్ను పట్టు చూడటానికి కొత్త మగ పిన్ను ఒకటి దూర్చి లాగండి, కొద్దిగా బిగి తెలియాలి. వదులుగా జారిపోతే దాన్ని మార్చండి.

మీటరు ప్రోబ్‌ను ఆడ పిన్నులోకి ఎప్పుడూ గుచ్చకండి. లావుపాటి మొన దాన్ని వెడల్పు చేస్తుంది. ఆ రోజు పరీక్ష అవుతుంది, వచ్చే నెల కొత్త సమస్య మొదలవుతుంది. తీగ చర్మంలోకి సూది గుచ్చి కొలవడం కూడా వద్దు. మన ఊరి తేమకు ఆ చిన్న రంధ్రం చాలు, తీగ లోపలే నల్లబడి పొడి అవుతుంది.

7. కదిలించి చూడండి

వచ్చి పోయే సమస్యకు ఇది తప్పదు. 3వ అంచెలో లాగానే మీటరు పెట్టి, మిన్ మ్యాక్స్ నొక్కి, ఒకరు మీటరు చూస్తుంటే ఇంకొకరు హార్నెస్‌ను అడుగు అడుగుకూ కదిలించండి. 60 ఎక్కడ ఎగిరితే అక్కడే.

ముందు చూడాల్సిన చోట్లు: కేబిన్ నేల కింద తీగలు దూరే చోటు, సీటు వెనక, బ్యాటరీ బాక్స్ పక్కన, పంపు గదిలో హైడ్రాలిక్ గొట్టాలకు రాసుకునే చోటు, సైలెన్సర్ దగ్గర, క్లిప్పు ఊడిపోయి తీగ వేలాడే ప్రతి చోటు. కొన్ని వారాలు నిలిపేసిన బండి అయితే ఎలుకలు కొరికాయేమో చూడండి. ఇది చాలా మామూలు.

చైన్ బండ్లలో కంట్రోలర్లన్నీ పైభాగంలోనే ఉంటాయి. కిందికి వెళ్లేది సెంటర్ జాయింట్ (పైభాగాన్నీ కిందిభాగాన్నీ కలిపే తిరిగే కీలు) గుండా నూనె మాత్రమే. కాబట్టి చైన్ల దగ్గర క్యాన్ తీగ కోసం వెతికి సమయం పాడు చేసుకోకండి. టైర్ల పొక్లెయిన్ అయితే వేరు, కిందికి కరెంటు తీసుకెళ్లే స్లిప్ రింగ్ ఉండొచ్చు, అది కూడా చూడాలి.

8. మరమ్మతు

చిలుము పట్టిన పిన్ను తుడిచి మళ్లీ పెట్టడం రెండు రోజుల మందు. పిన్నే మార్చండి. కప్లర్‌ను కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. సీలు పాడైతే కొత్తది, ఖాళీ రంధ్రానికి బిరడా. కప్లర్ మీద సిలికాన్ పూయకండి. పుల్లని వాసన వచ్చే మామూలు సిలికాన్ ఆరేటప్పుడు వదిలే ఆమ్లం రాగిని తినేస్తుంది.

తీగ అతకాలంటే మెలిపెట్టి టేపు చుట్టడం వద్దు. సరైన సైజు స్లీవ్‌తో క్రింప్ చేసి, జిగురున్న హీట్ ష్రింక్ వేయండి. రెండు తీగల అతుకులూ పక్కపక్కన కాకుండా కొంచెం ఎడంగా ఉండాలి. హై, లో తీగల మెలికలు అలాగే ఉంచండి, అంగుళానికి ఒక మెలిక చొప్పున లెక్క. అతికిన చోట మెలిక లేని భాగం 5 సెంటీమీటర్లు దాటనివ్వకండి. పైన షీల్డు అల్లిక ఉంటే దానికి ఒక్క చోటే ఎర్త్ ఉండాలి, రెండు చివరలా కలపకండి.

పాత తీగ ఎక్కడ తెగిందో దొరకకపోతే, బండి పని ఆగకుండా తాత్కాలికంగా కొత్త మెలి తీగ జత ఒకటి వేయొచ్చు. అప్పుడు పాత జతను రెండు చివరలా విడగొట్టండి. వదిలేస్తే అది లైనుకు అదనపు తోకలా ఉండి సంకేతాన్ని చెడగొడుతుంది.

9. నిజంగా సరైందా?

మళ్లీ 60 ఓమ్స్, మళ్లీ వోల్టేజ్ కొలిచి నోట్‌బుక్‌లో రాయండి. ఇప్పుడు కోడ్లు క్లియర్ చేయండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఫుల్ థ్రాటిల్‌లో బూమ్, ఆర్మ్, బకెట్, స్వింగ్, ట్రావెల్ అన్నీ కనీసం అరగంట నడపండి. ఏసీ, లైట్లు, వైపర్ వేసి ఉంచండి. బండి వేడెక్కి, అదురుతున్నప్పుడే బలహీనమైన అతుకు బయటపడుతుంది. ఆపి మళ్లీ కోడ్లు చూడండి. మర్నాడు ఉదయం చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు ఇంకోసారి చూడండి. వాన పడిన మొదటి రోజు మూడోసారి. ఈ మూడూ దాటే దాకా ఓనర్‌కు "అయిపోయింది" అని చెప్పకండి.

తప్పు తిరగబెట్టకుండా

బకెట్ పళ్లు వెల్డింగ్ చేసే ముందు బ్యాటరీ మైనస్ తీయండి, మాన్యువల్ చెప్పిన కంట్రోలర్ కప్లర్లు ఊడదీయండి, వెల్డింగ్ ఎర్త్ క్లాంపును వెల్డింగ్ చేసే ముక్క మీదే పెట్టండి. కటాఫ్ తిప్పితే చాలనుకోవద్దు. డెడ్ బ్యాటరీకి వేరే బండి నుంచి కరెంటు ఇచ్చేటప్పుడు రెండూ 24 వోల్టులవేనని చూసుకోండి. కేబిన్ లోపల, పంపు గది కప్లర్ల మీద ప్రెషర్ వాషర్ కొట్టనివ్వకండి.

పక్క బండి కంట్రోలర్ తెచ్చి పెట్టి చూడటం కూడా మానండి. సాఫ్ట్‌వేర్, సెట్టింగులు వేరైతే బాగున్నది కూడా పనిచేయదు, మీరు తప్పు నిర్ణయానికి వస్తారు. 24 వోల్టుల షార్ట్ ఉంటే పక్క బండిది కూడా పోతుంది.

కంపెనీ ఇంజినీర్‌ను ఎప్పుడు పిలవాలి

బల్బు పరీక్షలో కరెంటు, ఎర్త్ బాగున్నాయి. ఆ కంట్రోలర్ కప్లర్ దాకా హై, లో తీగలు కంటిన్యుటీ చూపిస్తున్నాయి (అంటే తెగలేదు), ఎర్త్‌కు గానీ బ్యాటరీకి గానీ షార్ట్ లేదు. మిగతావన్నీ మాట్లాడుకుంటున్నాయి, అదొక్కటే పలకట్లేదు. లేదా దాన్ని ఊడదీయగానే లైను మొత్తం బాగవుతోంది. ఇలాగైతే కంట్రోలర్ మీద అనుమానం న్యాయమైనదే. కొత్తది పెట్టినా సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి కాబట్టి అది వాళ్ల పనే.

ఫోన్ చేసేటప్పుడు ఇవి చేతిలో పెట్టుకోండి: బండి మోడల్, సీరియల్ నంబరు, అవర్ మీటర్ రీడింగ్, కోడ్ల ఫోటోలు, సీ డీ మధ్య ఓమ్స్, హై లో వోల్టేజ్‌లు, బల్బు వెలుగుతుండగా ఎర్త్ దారిలో కొలిచిన వోల్టేజ్, ఏది ఊడదీస్తే ఏం మారింది, ఈ మధ్య వెల్డింగ్, వాషింగ్, జీపీఎస్ బిగింపు ఏమైనా జరిగాయా. ఇవన్నీ చెబితే ఇంజినీర్ సరైన పార్టు వెంట తీసుకుని ఒకే ట్రిప్పులో వస్తాడు.